దీపావళికీ పొంగలికీ నడుమ క్రిస్మస్ బేరం: రాజపాళయం చిరువ్యాపారుల లెక్క

క్రిస్మస్ వ్యాపారాన్ని ఏ విధంగా నడుపుకోవాలన్న విషయమై ఏటా నవంబర్ నెలలో వెలువడే వ్యాసాలు చాలావరకు మహానగరాలలోని పెద్ద అంగళ్ళను ఉద్దేశించినవి. దుకాణాన్ని దీపాలతో అలంకరించండి, రాయితీలు ప్రకటించండి, శాంతాక్లాజ్ వేషధారిని వాకిట నిలబెట్టండి అని అవి బోధిస్తాయి. పది అడుగుల వెడల్పు గల గదిలో రెడీమేడ్ బట్టలో, రొట్టెలో, ఫ్యాన్సీ సామానో అమ్ముకునే వ్యాపారికి ఆ సలహాలలో పనికివచ్చేది బహు స్వల్పం. అతని చిక్కు వేరు. దీపావళి సరుకుకోసం తెచ్చిన అప్పు ఇంకా తీరి ఉండదు. సంక్రాంతి సరుకుకు బయానా ఇవ్వవలసిన రోజు దగ్గరపడుతూ ఉంటుంది. ఈ రెండింటి నడుమ వచ్చే క్రిస్మస్‌కు ఎంత సరుకు తేవాలి, ఎప్పుడు తేవాలి, ఎవరికి అమ్మాలి అన్నవే అతని ముందున్న ప్రశ్నలు. వీటికి సమాధానం వెదకడానికి రాజపాళయం చక్కని ఉదాహరణ.

తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాన ఉన్న ఈ పట్టణం తెలుగువారికి పరాయి ఊరు కాదు. విజయనగర ప్రభువుల కాలంలో దక్షిణాదికి తరలివెళ్ళిన రాజుల కుటుంబాలు ఇక్కడ స్థిరపడి, ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ తరతరాలుగా జీవిస్తున్నాయి. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్రానికి నాయకత్వం వహించిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో స్థాపించిన రాజపాళయం మిల్స్‌తో నూలు పరిశ్రమ ఇక్కడ వేళ్ళూనింది. పక్కనున్న ఛత్రపట్టిలో ఆసుపత్రులకు వెళ్ళే కట్టుగుడ్డ నేస్తారు. తళవాయ్‌పురంలో నైటీలు మొదలైన ఆడవారి దుస్తులు కుడతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనసంఖ్య సుమారు లక్షా ముప్పై వేలు. అందులో క్రైస్తవుల సంఖ్య స్వల్పమే. అటువంటి చోట క్రిస్మస్ వ్యాపారానికి ప్రత్యేకంగా ఏర్పాట్లు దేనికని అడగవచ్చు.

దీనికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది ఊరి ఉనికి. రాజపాళయం దాటి దక్షిణానికి వెళితే 2019లో ఏర్పడిన తెన్‌కాశి జిల్లా, ఆపైన తిరునెల్వేలి, తూత్తుకుడి, కన్యాకుమారి జిల్లాలు వస్తాయి. ఆ ప్రాంతాలలో క్రైస్తవ సమాజాలు శతాబ్దాల నాటివి. శివకాశి కేంద్రంగా ఉత్తర తిరునెల్వేలి పల్లెలలో మిషనరీల సంచారం 1850వ దశకంలోనే సాగింది. అందుచేత పట్టణంలో క్రైస్తవులు కొద్దిమందే అయినా, చుట్టుపక్కల పల్లెలలో చర్చి ఉన్న వాడలు చాలా ఉన్నాయి. వారికి బజారు రాజపాళయమే. పైగా దక్షిణ జిల్లాల క్రిస్మస్ స్వరూపమే వేరు. ఇంటిల్లిపాదికీ కొత్తబట్టలు, పిండివంటలు, ఇరుగుపొరుగులకు పంచిపెట్టడాలు, బాణసంచా, ఇవన్నీ కలిసి అది అచ్చంగా దీపావళిని తలపిస్తుంది.

రెండవ కారణం ధనుర్మాసం. బట్టల వ్యాపారులు దీనిని బయటికి చెప్పుకోరు గాని, లోలోపల ఏటా బెంగపడేది దీనిగురించే. డిసెంబర్ 16 ప్రాంతంలో మార్గళి నెల ప్రవేశించగానే హిందువుల ఇళ్ళలో పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు నిలిచిపోతాయి. పదకొండు కిలోమీటర్ల దూరంలోని శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ కోవెలలో తిరుప్పావై వినిపించే ఆ రోజుల్లో భక్తులకు కొదవ ఉండదు. పట్టుచీరలు, పాత్రలు, నగలు కొనేవారికే కొదవ. పొంగలి వరకు నెల రోజులు గల్లాపెట్టె తేలికగా ఉంటుంది. దుకాణం అద్దె, కరెంటు బిల్లు, పనివాళ్ళ జీతాలు మాత్రం ఆగవు. సరిగ్గా ఆ వెలితిలో క్రిస్మస్, కొత్త సంవత్సరం వస్తాయి. కాబట్టి రాజపాళయం వర్తకుడికి క్రిస్మస్ దీపావళి వంటి పెద్దపంట కాదు. రెండు పంటల నడుమ వేసుకునే పెసర వంటిది. దానికి పెట్టే పెట్టుబడి కూడా ఆ మేరకే ఉండాలి. ఈ తేడా గమనించకుండా దీపావళి అంతటి సరుకు తెచ్చినవారే నష్టపోతున్నారు.

తేదీల చిక్కు

క్రిస్మస్ తేదీ మారదు. దీపావళి తేదీ ఏటా మారుతుంది. ఈ చిన్న విషయం వ్యాపారాన్ని ఎంతగా మారుస్తుందో లెక్కవేసి చూడవలసిందే. 2023లో దీపావళి నవంబర్ 12న వచ్చింది. అక్కడినుంచి క్రిస్మస్‌కు 43 రోజులు. 2024లో అక్టోబర్ 31. ఎడం 55 రోజులు. 2025లో అక్టోబర్ 20. ఎడం 66 రోజులు. 2026లో నవంబర్ 8. ఎడం 47 రోజులు మాత్రమే. మిల్లులలో, కార్ఖానాలలో బోనస్ దీపావళికే చేతికి వస్తుంది. దీపావళి ముందుగా వచ్చిన ఏడాది ఆ డబ్బు ఖర్చయిపోయి, మళ్ళీ రెండు నెలల జీతం కూడిన తరువాత క్రిస్మస్ వస్తుంది. ఆలస్యంగా వచ్చిన ఏడాది మధ్యలో ఒక్క నెల జీతమే ఉంటుంది. అటువంటి సంవత్సరాలలో ఖరీదైన సరుకు తగ్గించి, తక్కువ ధర గల వస్తువులు ఎక్కువగా తెచ్చుకోవడం మేలు. నెలసరి జీతగాళ్ళకు 25వ తేదీ నెలాఖరు కిందే లెక్క. చాలామంది కొనుగోలును రెండుగా విభజించి, పిల్లల బట్టలు మాత్రం క్రిస్మస్‌కు కొని, పెద్దల బట్టలు కొత్త సంవత్సరానికి వాయిదా వేయడం ఇందువల్లనే.

అమెరికాలో ఇదే చిక్కు ఒకసారి దేశాధ్యక్షుడి దాకా వెళ్ళింది. అక్కడ థ్యాంక్స్‌గివింగ్ పండుగ ముగిసిన మరునాటి నుంచి క్రిస్మస్ కొనుగోళ్ళు మొదలవుతాయి. 1939లో ఆ పండుగ ఆనవాయితీ ప్రకారం నవంబర్ 30న రావలసి ఉండగా, బేరానికి రోజులు చాలవని వర్తకులు మొరపెట్టుకున్నారు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దానిని వారం ముందుకు, నవంబర్ 23కు జరిపాడు. సుమారు సగం రాష్ట్రాలు దానిని ఒప్పుకోలేదు. దేశంలో రెండు తేదీలలో పండుగ జరిగి గందరగోళం ఏర్పడింది. చివరకు 1941లో నవంబర్ నెల నాలుగవ గురువారమని చట్టం చేశారు. మన పంచాంగాన్ని ఎవరూ జరపలేరు గనుక ఇక్కడి వర్తకుడు తన కొనుగోలునే జరుపుకోవాలి.

మరొక తేదీ కూడా ఉంది. దీనిని బడి పిల్లల తల్లిదండ్రులు ఎరుగుదురు గాని వ్యాపారులు తరచు మరచిపోతుంటారు. తమిళనాడు పాఠశాలల్లో అర్ధసంవత్సర పరీక్షలు సాధారణంగా డిసెంబర్ 23 ప్రాంతంలో ముగుస్తాయి. అప్పటివరకు పిల్లలను వెంటబెట్టుకొని బజారుకు వచ్చే తల్లి అరుదు. అందువల్ల పిల్లల బట్టలు, బొమ్మలు, చెప్పులు కొనే రద్దీ అంతా చివరి రెండు రోజులకు కుదించుకుపోతుంది. చెన్నైలో, తిరుప్పూరులో ఉద్యోగాలు చేసుకునే ఈ ఊరివారు కూడా ఇంచుమించు అదే సమయానికి రైళ్ళలోనో, బస్సులలోనో వచ్చి దిగుతారు. ఆ రెండు రోజులకు అదనపు మనిషిని పెట్టుకొని, మిగతా నెలంతా ఇంటివారితోనే దుకాణం నడుపుకొనేవారు జీతాల ఖర్చు మిగుల్చుకుంటారు. డిసెంబర్ ఒకటి నుంచే ఇద్దరిని అదనంగా పెట్టుకొన్న దుకాణం వారికి మొదటి మూడు వారాలు ఊరకే జీతమిచ్చినట్లవుతుంది.

ఏది ముందు, ఏది తరువాత

క్రిస్మస్ సరుకులన్నీ ఒకేసారి అమ్ముడుపోవు. వాటికొక వరుస ఉంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను క్రైస్తవులు ఆగమన కాలంగా పాటిస్తారు. ఆ కాలం మొదలవుతూనే ఇంటి చూరుకు కాగితపు నక్షత్రం వేలాడుతుంది. కాబట్టి నక్షత్రాలు, రంగుదీపాల తోరణాలు నవంబర్ చివరి వారం నుంచి డిసెంబర్ 10 వరకే జోరుగా కదులుతాయి. 20వ తేదీన వచ్చిన నక్షత్రాల పెట్టె దాదాపుగా వచ్చే ఏడాది సరుకే. పశువులపాక నమూనాకు కావలసిన బొమ్మలు, గడ్డి, రంగుకాగితాలు ఆ తరువాతి వారంలో అడుగుతారు. డిసెంబర్ నెలలో రాత్రివేళ ఇంటింటికీ పాటలు పాడుతూ వెళ్ళే బృందాలకు టోపీలు, చిన్న బహుమతులు, మిఠాయి పొట్లాలు కావాలి. ఇవి ఒక్కొక్కరు కొనేవి కావు. సంఘం తరఫున ఒకేసారి కొనేవి. సంఘపెద్దను నవంబర్‌లోనే కలిసిన దుకాణదారుకు ఆ బేరం దక్కుతుంది.

కుట్టించుకునే బట్టల విషయం మరీ ముఖ్యం. దర్జీలు డిసెంబర్ 10 దాటితే పండుగకు ఇస్తామని మాట ఇవ్వరు. అంటే గుడ్డల దుకాణం వారికి క్రిస్మస్ 10వ తేదీకే ముగిసినట్లు. అక్కడినుంచి రెడీమేడ్ దుకాణం వారిది. ఈ కారణంచేత గుడ్డల వ్యాపారి మదురై విళక్కుత్తూణ్ ప్రాంతపు టోకు అంగళ్ళకు అక్టోబర్‌లోనే వెళ్ళి రావాలి. తళవాయ్‌పురం కుట్టుపనివారు చేరువలో ఉండడం రెడీమేడ్ వ్యాపారికి ఒక సౌకర్యం. నైటీలు, పరికిణీలు వంటివి ముందే పెట్టెలకొద్దీ నింపుకోకుండా, అమ్మకాన్ని బట్టి వారానికొకసారి తెచ్చుకోవచ్చు. దూరపు ఊరినుంచి పది రూపాయలు తక్కువకు తెచ్చి, మిగిలితే తిప్పి పంపలేక చిక్కుబడడం కంటే ఇది మేలు.

అన్నిటికంటె చివరిది కేకు. కేరళలోని తలచ్చేరిలో 1883లో మాంబళ్ళి బాపు అనే రొట్టెల వ్యాపారి, బ్రౌన్ అనే దొర తెచ్చిన నమూనాను చూసి మొదటి క్రిస్మస్ కేకు తయారుచేశాడని చెప్పుకుంటారు. కొల్లం వెళ్ళే జాతీయ రహదారి రాజపాళయం మీదుగానే పోతుంది కాబట్టి ఆ రుచి ఈ ఊరికి కొత్త కాదు. ఎండుద్రాక్ష, జీడిపప్పు, ఖర్జూరం నానబెట్టి చేసే ప్లమ్ కేకు కొన్ని వారాలు నిలువ ఉంటుంది. క్రీము పూసిన కేకు రెండు రోజులు దాటితే పనికిరాదు. క్రిస్మస్‌కు మిగిలిన ప్లమ్ కేకును కొత్త సంవత్సరానికి అమ్ముకోవచ్చు. కొత్త సంవత్సరం కేకుకు మతభేదం లేదు, ఊరంతా కొంటుంది. అందుచేత బేకరీవారు 25వ తేదీ వరకు ప్లమ్ కేకును, 31వ తేదీకి మాత్రం ముందుగా చెప్పినవారికే క్రీము కేకును చేయడం తెలివైన పద్ధతి.

ఇక్కడే ధనుర్మాసం మళ్ళీ గుర్తుకు రావాలి. ఆ నెలలో మాంసం, గుడ్డు ముట్టని ఇళ్ళు చాలా ఉన్నాయి. అయ్యప్ప మాల వేసుకున్నవారి ఇళ్ళు వేరే. క్రైస్తవ మిత్రులు పంచిపెట్టే కేకును ఆ ఇళ్ళవారు నొచ్చుకోకుండా అందుకోవాలంటే గుడ్డు లేని కేకు ఉండాలి. పంచేవారే దానిని అడిగి కొంటారు. మొత్తం కేకులలో మూడవ వంతైనా గుడ్డు లేనివి చేసి, పెట్టెమీద ఆ సంగతి స్పష్టంగా ముద్రించాలి. రెండు రకాలను కలిపేసి అమ్మే దుకాణాన్ని ఈ ఊరివారు మరుసటి ఏడాది గుమ్మం తొక్కరు. ఇంట్లో కేకులు చేసి అమ్మే గృహిణులైనా ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు చేసుకొని తీరాలి.

కూడికలూ తీసివేతలూ

ఒక బేకరీ వంద కేకులు చేస్తుందనుకుందాం. ఒక్కొక్కదానికి అయ్యే ఖర్చు 180 రూపాయలు, అమ్మకం ధర 240. వందా అమ్ముడైతే లాభం 6,000. ఈ అంకె చూసే చాలామంది వంద చేస్తారు. కాని ఖర్చు 18,000 గనుక 75 కేకులు అమ్మేవరకు ఒక్క రూపాయి లాభం లేదు. 70 మాత్రమే అమ్ముడై మిగతావి పాడైతే 1,200 నష్టం. అదే బేకరీ నవంబర్ చివరలో యాభై రూపాయల చొప్పున బయానా తీసుకొని 60 కేకులకు పేర్లు రాసుకున్నదనుకుందాం. అప్పుడు 70 చేస్తే చాలు. మిగిలిన పదీ అమ్ముడుపోకపోయినా 60 కేకులకు వచ్చేది 14,400, ఖర్చు 12,600, లాభం 1,800. అన్నీ అమ్ముడైతే 4,200. పెద్ద లాభం వదులుకున్నట్లు కనిపించినా నష్టమనేది రాదు. అప్పు తెచ్చి వ్యాపారం చేసేవాడికి ఈ రెండవ దారే సరైనది.

రాయితీల లెక్క ఇంకా విచిత్రంగా ఉంటుంది. 400కు కొన్న చొక్కాను 500కు అమ్మితే లాభం వంద. పది శాతం తగ్గించి 450కి అమ్మితే లాభం యాభై. తగ్గింపు పదోవంతే అయినా లాభం సగమైంది. మునుపటి లాభం రావాలంటే రెట్టింపు చొక్కాలు అమ్మాలి. ఇరవై శాతం తగ్గిస్తే లాభమే సున్న. క్రైస్తవ కుటుంబాల సంఖ్య పరిమితమైన ఊరిలో రెట్టింపు కొనుగోలుదారులు ఎక్కడినుంచి వస్తారు? ఇంటర్నెట్‌లో అమ్మే పెద్ద సంస్థలు తగ్గింపు ఇస్తున్నాయి కదా అని వాటితో పోటీపడడం చిన్న దుకాణానికి ఆత్మహత్యాసదృశం. తగ్గింపుకు బదులుగా ప్యాంటు పొడవు ఉచితంగా సరిచేసి ఇవ్వడం, పండుగ తరువాత వారం వరకు సైజు మార్చి ఇవ్వడం వంటివి చేయవచ్చు. వీటికయ్యే ఖర్చు కొద్ది. దూరాన ఉన్న సంస్థకు ఇవి చేతకావు కూడా.

అప్పు సంగతి. నూటికి మూడు రూపాయల నెలవడ్డీకి నవంబర్ మొదట 50,000 తెచ్చి జనవరి చివర తీర్చితే వడ్డీయే 4,500. పై లెక్కలోని రెండవ దారిలో కేకులన్నీ అమ్మినా వచ్చే లాభం దానికి సరిపోదు! తమిళనాడులో అధిక వడ్డీని నిషేధిస్తూ 2003లోనే చట్టం వచ్చింది. అయినా పండుగ ముందు రోజుల్లో దినవడ్డీ, మీటరు వడ్డీ మాటలు బజారులో వినబడుతూనే ఉంటాయి. కనుక టోకు వ్యాపారితో మాట్లాడేటప్పుడు ధర తగ్గించమని బేరమాడడం కంటే, మిగిలిన సరుకు డిసెంబర్ 28లోగా తిరిగి తీసుకుంటారా అని అడగడం ముఖ్యం. దానికి ఒప్పుకుంటే ధర రెండు రూపాయలు ఎక్కువైనా ఫరవాలేదు. జనవరి నుంచి నెలనెలా వంద రూపాయలు వసూలుచేసి క్రిస్మస్‌కు సరుకు ఇస్తామనే పొదుపు చీటీలు కొన్ని ఊళ్ళలో నడుస్తున్నాయి. అనుమతి లేని డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో కేంద్రం చట్టం చేసిన తరువాత, తెలిసినవారి సలహా లేకుండా వీటి జోలికి వెళ్ళకపోవడమే శ్రేయస్కరం. సరుకుకు బయానా తీసుకొని రసీదు ఇవ్వడం వేరు, డబ్బు కూడబెట్టడం వేరు.

పదిమందికీ తెలియజేయడం

ప్రచారానికి శివకాశి సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలోనే ఉండడం ఈ ఊరి అదృష్టం. దేశంలోని దుకాణాల పేర్లు మోసే క్యాలెండర్లలో అధికభాగం అక్కడ అచ్చయ్యేవే. ఆడి నెల పద్దెనిమిదవ రోజున, అంటే ఆగస్టు మొదటి వారంలో, వచ్చే ఏడాది క్యాలెండర్ల నమూనా పుస్తకాలను అక్కడి ముద్రాపకులు విడుదల చేస్తారు. అప్పుడే ఎంపిక చేసుకొని బయానా ఇచ్చినవారికి డిసెంబర్ నాటికి తీరికగా చేరుతుంది. నవంబర్‌లో పరుగెత్తినవారికి మిగిలిన బొమ్మలే గతి. క్యాలెండర్ గోడమీద ఏడాదంతా ఉంటుంది. కరపత్రం ఆయుష్షు ఒక పూట. క్రైస్తవ కుటుంబాలకు ఇచ్చేందుకు వాక్యంతో కూడినవి కొన్ని, అందరికీ పనికివచ్చే ప్రకృతి దృశ్యాలవి కొన్ని తెప్పించుకోవడం మర్యాద. అందరికీ ఒకే దేవుడి బొమ్మ పంచితే కొందరి ఇంట అది మడతపెట్టిన మూలనే ఉండిపోతుంది.

ఉచితంగా ఇచ్చిన కాగితం ఎంత దూరం పోగలదో చెప్పడానికి 1939 నాటిదే ఇంకొక ఉదంతం ఉంది. అమెరికాలోని మాంట్‌గోమరీ వార్డ్ అనే దుకాణ సంస్థ, పిల్లలకు పంచే పుస్తకాన్ని బయట కొనడం దండగని తమ ఉద్యోగి రాబర్ట్ మే చేత ఒక కథ రాయించింది. ఎర్రముక్కు దుప్పి రూడాల్ఫ్ కథ అది. ఆ ఏడాది 24 లక్షల ప్రతులు పంచారు. క్రిస్మస్ శుభాకాంక్షల కార్డు పుట్టింది అంతకు ముందే, 1843లో లండన్‌లో హెన్రీ కోల్ చేత. అప్పట్లో వెల ఒక షిల్లింగు. శివకాశి అచ్చుయంత్రాలకు ఒకప్పుడు చేతినిండా పని కల్పించిన ఆ కార్డులు సెల్‌ఫోన్ వచ్చాక దాదాపు కనుమరుగయ్యాయి. ఇప్పుడు వాట్సాప్ ఆ పని చేస్తున్నది. అయితే అందులో అందరికీ ఒకేసారి పంపే సందేశం, దుకాణం నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే చేరుతుంది. ముందుగా బిల్లుమీద నంబరు వేసి, దాచుకోమని అడగకుండా డిసెంబర్‌లో వందల సందేశాలు పంపినందువల్ల ప్రయోజనం లేదు.

నూలు పట్టణంలో అంతకంటె మంచి ప్రచార సాధనం గుడ్డసంచి. ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులను తమిళనాడు ప్రభుత్వం 2019 జనవరి 1 నుంచి నిషేధించింది. 2021 డిసెంబర్ 23న, క్రిస్మస్‌కు సరిగ్గా రెండు రోజుల ముందు, పసుపు గుడ్డసంచి వాడకాన్ని పునరుద్ధరించే ఉద్యమాన్ని ప్రారంభించింది. దుకాణం పేరు ముద్రించిన పసుపు సంచి కూరగాయల బజారుకు, రేషన్ దుకాణానికి, పొంగలి చెరకు తేవడానికి వెళుతుంది. నిషేధిత కవరులో సరుకు ఇచ్చి జరిమానా కట్టేకంటే ఆ సొమ్ము సంచికే పెట్టడం నయం. ఒక్క జాగ్రత్త: సంచిమీద ఏసు జననపు బొమ్మలు వేయరాదు. కాలికింద పడే వస్తువుమీద పవిత్రమైన బొమ్మ ఉంటే ఎవరికైనా మనసు నొచ్చుతుంది.

భాష విషయంలో రాజపాళయం వర్తకుడికి ఒక విచిత్రమైన పరిస్థితి ఉంది. తెలుగు అతని నోట ఉంది, చేతిలో లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలలో అధికభాగం చదువు తమిళంలోనే సాగుతున్నది. 2006 నాటి చట్టంతో పాఠశాలలో తమిళం తప్పనిసరి అయింది. కనుక కరపత్రం తమిళంలోనే ఉండాలి. దుకాణం బోర్డుపై కూడా తమిళమే ముందుండాలన్నది అక్కడి నిబంధన. తెలుగు బేరమాడడానికి పనికివస్తుంది. తెలిసిన భాషలో పలకరించిన దుకాణంలో మనిషి పది నిమిషాలు ఎక్కువ కూర్చుంటాడు. అయితే డిసెంబర్‌లో తెలుగు అక్షరానికి కూడా ఒక గిరాకీ వస్తుంది. నవంబర్ నడుమ మొదలై డిసెంబర్ 26, 27 తేదీలలో మండల పూజతో ముగిసే శబరిమల మండలకాల యాత్రలో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల అయ్యప్ప భక్తులు మదురై, శ్రీవిల్లిపుత్తూరు చూసుకొని ఇదే దారిన కుర్తాళం, సెంగోట్టై వైపు సాగిపోతారు. తెన్‌కాశి రోడ్డు మీది దుకాణం ముందు తెలుగులో రాసిన చిన్న అట్ట ఒకటి వేలాడితే వాహనం ఆగుతుంది. తువ్వాళ్ళు, అరటిపళ్ళు, భౌగోళిక గుర్తింపు 2019లో పొందిన శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా కొంటారు. క్రిస్మస్ సరుకు మందకొడిగా ఉన్న రోజుల్లో ఆ బేరం చేదోడుగా ఉంటుంది. ఆ అట్ట రాయడానికి తెలుగు లిపి తెలిసినవారు ఊరిలో వెదికితే గాని దొరకరన్నది విచారించవలసిన విషయమే.

చట్టం, వాన

ప్రకటనలలో ఆడంబరం తగ్గించుకోవడం మంచిది. ఐదు చీరలు మాత్రమే సగం ధరకు ఉంచి, ఊరంతా "సగం ధర" అని మైకులో చాటితే అది ఎరవేసే ప్రకటన కిందికి వస్తుంది. 2022 జూన్‌లో కేంద్రం జారీచేసిన మార్గదర్శకాలు, ప్రకటించిన ధరకు తగినంత సరుకు ఉండి తీరాలంటున్నాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కేకులు, బిస్కట్లపై వస్తుసేవల పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 2,500 రూపాయలకు మించని దుస్తులపై 5 శాతం, మించితే 18 శాతం. 2,600 ధర వేద్దామనుకున్న దుస్తును 2,500కే అమ్మితే కొనేవాడికి పన్నులోనే 300కు పైగా కలిసివస్తుంది. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న వ్యాపారి మాత్రం బిల్లులో పన్ను విడిగా చూపి వసూలు చేయరాదు. బాణసంచా విషయంలో సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన తీర్పు క్రిస్మస్, నూతన సంవత్సరపు అర్ధరాత్రులలో 11.55 నుంచి 12.30 వరకే కాల్చడానికి అనుమతించింది. దీపావళికి తీసుకున్న తాత్కాలిక లైసెన్సు గడువు తీరాక మిగిలిన సరుకును దుకాణం వెనుక గదిలో దాచి అమ్మాలని చూడడం చట్టవిరుద్ధమే గాక ప్రాణాంతకం.

ఎంత లెక్కవేసినా ఈశాన్య రుతుపవనం మాట వినదు. 2023 డిసెంబర్ 17, 18 తేదీలలో తూత్తుకుడి, తిరునెల్వేలి జిల్లాలలో కురిసిన వాన అందుకు నిదర్శనం. కాయల్‌పట్టణంలో ఒక్క రోజులో దాదాపు 95 సెంటీమీటర్లు పడింది. తిరుచ్చెందూరు నుంచి చెన్నై బయలుదేరిన రైలు శ్రీవైకుంఠంలో వందలాది ప్రయాణికులతో చిక్కుకుపోయింది. క్రిస్మస్‌కు వారం రోజుల ముందు దారులు తెగిపోయాయి. అటువంటి ఏడాది సరుకంతా చివరి వారానికి తెప్పించుకోవాలనుకున్నవాడికి సరుకు రాదు. ముందే తెచ్చి నేలమీద పేర్చినవాడికి తడిసిపోతుంది. సగం సరుకు డిసెంబర్ మొదటికే తెచ్చి, నేలకు అడుగున్నర ఎత్తున బల్లలపై ఉంచడం, వర్షాకాలపు నిల్వకు బీమా చేయించడం ఈ ప్రాంతంలో అనవసరపు ఖర్చు కాదు.

పండుగ అయిపోయిన మరునాడు చేయవలసిన పని ఒకటుంది. అలసట వల్ల ఎవరూ చేయరు. ఏ సరుకు ఎన్ని తెచ్చారు, ఎన్ని ఏ తేదీలోగా అమ్మారు, ఏది అడిగితే లేదనవలసి వచ్చింది అన్న మూడు వరుసలు నోటుపుస్తకంలో రాసుకోవాలి. మూడవ వరుస జ్ఞాపకాన ఉండదు, ఆ రోజే రాయాలి. టోకు వ్యాపారి తిరిగి తీసుకునే సరుకు 28లోగా పంపేసి, ఆ సొమ్ముతోనే పొంగలి సరుకుకు బయానా ఇవ్వాలి. మిగిలిన కాగితపు నక్షత్రాలను కారుచౌకగా అమ్మనవసరం లేదు. దీపాల తీగలు విడిగా తీసి, నక్షత్రాలను మడిచి, ఎలుక చొరని డబ్బాలో వేసి, పైన ఎన్ని ఉన్నవో అంకె రాసి అటకెక్కిస్తే వచ్చే నవంబర్ చివరి వారానికి అవే మొదటి సరుకు.